బహుధాన్య ఉగాది నాటి సమాధి

మార్చి నెల, మంగళవారం, ఉదయం ఆరుంబావు. ఓర్వకల్లు బస్టాండు ఎదుట టీ అంగడి ముందర లేవి అనే అరవై రెండేళ్ళ మనిషిని వేటకొడవళ్ళతో నరికారు. కుడి చెయ్యి మణికట్టు పైన తెగింది. మెడ మీద పడాల్సిన వేటు భుజం మీద పడింది. ప్రాణం పోలేదు.

వచ్చినవాళ్ళు ముగ్గురు. ఒకటే బండి. ముఖాలకు కర్చీఫులు కట్టుకున్నారు. లేవి టీ గ్లాసు కింద పెట్టకముందే మొదటి వేటు పడింది. చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో వేటుకు బల్ల మీది నుంచి కింద పడ్డాడు. మూడోసారి ఎత్తిన కొడవలి అంగడి రేకు చూరుకు తగిలి ఆగింది. అంతలో కర్నూలు బస్సు వచ్చి నిలబడింది. జనం దిగుతుంటే ముగ్గురూ బండెక్కారు. పోతూ పోతూ ఒకడు కర్చీఫు కిందికి లాగి అరిచాడు.

"మా తాతను ఏసినోనివి. ఈ పొద్దు తప్పించుకున్న్యావు. మళ్ళీ వస్తా."

ఆ మాట బస్టాండులో చానామంది చెవిన పడింది. పోలీసులు వచ్చి అడిగితే విన్నామని ఒక్కరూ చెప్పలేదు. టీ అంగడాయన మాత్రం మధ్యాహ్నం ఆస్పత్రికి పోయి లేవి భార్య విశ్వాసమ్మను వరండా చివరకు పిలిచి చెవిలో చెప్పి వచ్చాడు.

లేవి కూతురు మహిమ కడపలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది. యూనిఫాం మీదనే బస్సెక్కి కర్నూలు చేరింది. అప్పటికి ఆపరేషన్ అయిపోయింది. కట్టు చూసింది, కేసు షీటు చదివింది, రక్తం ఎంత ఎక్కించారో అడిగింది. తర్వాత తల్లి పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఎవరు మా?"

"రాజశేఖర్ అంట. వెంకటేశ్వర్లు మనమడు."

"వాడు హైదరాబాదులో కార్ల వ్యాపారం చేస్తాండాడు గదా."

"చేస్తాంటే? కొడవలి పట్టను చేతులు లేవా వానికి?"

వెంకటేశ్వర్లు పేరు వాళ్ళ ఊర్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఓర్వకల్లు మండలంలో ఆ ఊరు రెండు పార్టీలు. ఒకదానికి వెంకటేశ్వర్లు పెద్ద, ఇంకొకదానికి ఓబుళేశు. 1996 వేసవిలో వెంకటేశ్వర్లు, భార్య సుబ్బరత్నమ్మ కర్నూలు నుంచి జీపులో వస్తుంటే రాళ్ళ గుట్టల మలుపులో నాటు బాంబులు పడ్డాయి. మొదటి బాంబుకు డ్రైవరు తల పగిలింది. రెండోదానికి జీపు బోల్తా పడింది. వెంకటేశ్వర్లును బయటికి లాగి, భార్య కళ్ళ ముందర, కాళ్ళు ముందు నరికి తర్వాత గొంతు కోశారు. బాంబు వేసింది లేవి అని కోర్టు తేల్చింది. లేవి ఓబుళేశు పొలంలో పని చేసేవాడు. పదేళ్ళు జైల్లో ఉండి, మంచి నడవడిక అని విడుదలై వచ్చాడు. వచ్చిన తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆయన జోలికి ఎవరూ రాలేదు. అదే అంగడి, అదే బల్ల, అదే వేళకు టీ. వెంకటేశ్వర్లు ఇంటివాళ్ళు ఆ బజారులోనే నడిచేవాళ్ళు. చూసీ చూడనట్టు పోయేవాళ్ళు.

ఫిబ్రవరిలో ఒక వీడియో వచ్చింది. సీమ ఫ్యాక్షన్ చరిత్ర అని వారానికొకటి పెట్టే యూట్యూబ్ చానల్ అది. కడపలో శ్రీనివాసులు అనే ఆయన నడుపుతాడు. ఆ వారం జీపు హత్య చెప్పాడు. లేవి ఇప్పటి ఫోటో చూపించాడు, టీ అంగడి చూపించాడు. "వెంకటేశ్వర్లును చంపిన చెయ్యి ఇదే. ఇవాళ్టికీ ఈ బల్ల మీద టీ తాగుతోంది" అన్నాడు. అయిదు లక్షల మంది చూశారు. కింద కామెంట్లలో వెంకటేశ్వర్లు మనమడికి గాజులు పంపిస్తామని రాసినవాళ్ళు వందల్లో ఉన్నారు.

మహిమ ఆ వీడియో అంతకుముందే చూసింది. చూసి మూసేసింది. తండ్రి జైలుకు పోయినప్పుడు ఆమెకు ఆరేళ్ళు. బడిలో 'బాంబుల లేవి కూతురు' అనేవాళ్ళు. ఆమెకంటే మూడు తరగతులు కింద చదివిన మద్దిలేటి మాత్రం అనేవాడు కాదు. వాడు ఓబుళేశు తమ్ముడు నాగరాజ్ కొడుకు. ఎందుకు అనడో అప్పట్లో ఆమెకు తెలియదు. ఇంట్లో ఎవరినీ ఏమీ అడగలేదు. కోర్టు చెప్పింది, పేపర్లు రాశాయి. నిజమే అయి ఉంటుందని పెరిగింది.

సాయంత్రానికి లేవికి తెలివి వచ్చింది.

"నాయనా, ఆ బాంబు నువ్వు ఏసినావా?"

లేవి పైకప్పు చూస్తూ పడుకున్నాడు. "కోర్టు చెప్పింది గదా పాపా."

"కోర్టు సంగతి కాదు నేనడిగేది."

"చెయ్యి మండుతాండాది."

"ఏ చెయ్యి?"

"పోయిన చెయ్యే. లేని చెయ్యి ఎట్ల మండుతాది?"

"మండుతాది. నరాలకు తెలీదు అది పోయినట్ల. నేనడిగినదానికి చెప్పు."

"మాటిచ్చినా" అన్నాడు లేవి. కళ్ళు మూసుకున్నాడు.

వరండాలో విశ్వాసమ్మ చెప్పింది. జీపు మీద బాంబులు పడిన పొద్దు లేవి ఊర్లోనే లేడు. కోసిగిలో ఆమె అన్న ఇంటికి బండలు పరుస్తున్నాడు. మూడో రోజు ఓబుళేశు మనిషిని పంపించి పిలిపించుకున్నాడు. కేసు మోయాలన్నాడు. బాంబు వేసింది తన తమ్ముడు నాగరాజ్ అని అప్పుడు చెప్పాడు. నాగరాజ్‌కు మూడేళ్ళ కొడుకు. ఇంటి మనిషిని జైలుకు పంపే అలవాటు ఆ పార్టీలో లేదు, ఈ పార్టీలోనూ లేదు. పొలంలో పని చేసేవాళ్ళలో ఒకరిని లొంగిపొమ్మంటారు. వాని పెళ్ళాం పిల్లలకు తిండి చూసుకుంటారు. పోలీసులకూ ఆ సంగతి కొత్త కాదు. లేవి చేత పాస్టరయ్య ముందర బైబిల్ మీద ప్రమాణం చేయించారు.

"నాకెందుకు చెప్పలేదు మా ఇన్నేండ్లు?"

"చెప్తే నువ్వు బడికి పోయి అందరికీ చెప్తావని. పెద్దయినాంక నువ్వే అడగలేదు."

"నువ్వు పెండ్లానివి. తమ్ముని మీదనో మొగుని మీదనో కేసొస్తే ఎవరైనా కోసిగిలో ఉన్న్యాడనే చెప్తారు. నేను జడ్జినైనా నమ్మను."

విశ్వాసమ్మ కూతురి వైపు చూసింది. "నమ్మకపోతే పో. నేనేం నిన్ను జడ్జిని చేయలేదు."

వార్డు బయట ఒక కానిస్టేబులు కుర్చీ వేసుకుని ఫోన్ చూస్తున్నాడు. అతడు ఎన్ని రోజులుంటాడో అతనికే తెలియదు. మళ్ళీ వస్తా అన్నవాడు వస్తాడు. వాడు రాకుండా ఆపాలంటే లేవి కాదని వానికి తెలియాలి. తల్లి మాట చెల్లదు. తండ్రి చెప్పడు, చెప్పినా చెల్లదు. ఓబుళేశు బతికి లేడు.

మహిమ ఫోన్ తీసి వీడియో మళ్ళీ చూసింది. ఈసారి పూర్తిగా. పేషెంటు షీటు చదివినట్టు ఆగి ఆగి చూసింది. ఎవరు చెప్పారు, చూసి చెప్పారా, విని చెప్పారా.

వీడియో చివర్లో డ్రోన్‌తో తీసిన బొమ్మ ఉంది. వెంకటేశ్వర్లు పొలం, గట్టు మీద ఆయన సమాధి. కెమెరా కిందికి దిగి శిలాఫలకం దగ్గర ఆగింది. వెనక నుంచి ఏడుపు సంగీతం. మహిమ అక్కడ ఆపింది. ఫలకం మీద ఇట్లా ఉంది: బహుధాన్య నామ సంవత్సర ఉగాది నాడు కుమారుడు కట్టించినది.

ఆ ఇంటికి ఒక పట్టు ఉంది. కత్తికి పోయిన మనిషికి వెంటనే సమాధి కట్టరు. పూడ్చిన చోట రాళ్ళు పేర్చి వదిలేస్తారు. చంపినవాడిని చంపిన తర్వాతనే సున్నం, ఇటుక తెస్తారు. వెంకటేశ్వర్లు తండ్రికి పదకొండేళ్ళు రాళ్ళే ఉన్నాయట. మహిమ చిన్నప్పుడు పత్తి తీయడానికి తల్లి వెంట ఆ గట్టు మీదుగా పోయేది. రాళ్ళ కుప్ప ఉండేది. దాని మీద చెయ్యి వేస్తే తల్లి కొట్టేది. ఒక వేసవి సెలవుల్లో చూస్తే కుప్ప లేదు. తెల్లటి సమాధి ఉంది.

బహుధాన్య అంటే ఏ సంవత్సరమో వెతికింది. 1998.

లేవి 1998లో జైల్లో బతికే ఉన్నాడు. ఆయన మీద ఈగ వాలలేదు.

వీడియో వెనక్కి జరిపింది. నడిమధ్యలో శ్రీనివాసులు ఇంకో హత్య సంగతి చెప్తాడు. 1998 ఫిబ్రవరిలో ఓబుళేశు తమ్ముడు నాగరాజ్ మంత్రాలయం పోయి వస్తుంటే దారిలో లారీ అడ్డం పెట్టి ఆపారు. చెరుకు నరికినట్టు నరికారు. ముఖం గుర్తు పట్టలేకపోతే కాలి వేలి మీది మచ్చ చూసి భార్య చెప్పింది. రోడ్డు కాంట్రాక్టు గొడవల్లో సొంత పార్టీవాళ్ళే చంపారని శ్రీనివాసులు చెప్పాడు. ఆ కేసు కొట్టేశారు. నెల తిరిగి ఉగాది వచ్చింది. సమాధి లేచింది.

తల్లి చెప్పిన పేరు, అవతలివాళ్ళు రాతి మీద చెక్కించిన తేదీ ఒకచోటికి వచ్చాయి. ఆ రెండు ఇళ్ళ మధ్య ముప్పై ఏళ్ళుగా మాటల్లేవు. ఒకరు ఇంకొకరి కోసం అబద్ధం చెప్పే పని లేదు. మహిమ ఫోన్ మూసి, లోపలికి పోయి తండ్రి దుప్పటి సరిచేసింది.

మరుసటి రోజు కడపకు పోయింది. ఏడు రోడ్ల దగ్గర మేడ మీద ఒక గది, రెండు షూటింగు దీపాలు, వీడియోల కోసం అద్దెకు తెచ్చి గోడకు తగిలించిన కొడవళ్ళు. శ్రీనివాసులుకు నలభై ఏళ్ళుంటాయి. నవ్వు ముఖం.

"మా నాయన చెయ్యి పోయింది, మీ వీడియో వల్ల."

"పేపర్లో చూసినా మేడమ్. బాధయింది. అయితే నరికింది నా కెమెరా కాదు గదా."

"తీసేయండి."

"ఎందుకు తీయల్ల? గాలి కబుర్లు చెప్పే చానల్ కాదు ఇది. కోర్టు తీర్పు కాపీ ఉండాది. ఈ ఫ్యాక్షన్ మీద ఒకాయన రాసిన పుస్తకం ఉండాది. ఆ కాలం పేపరు కటింగులు ఉండాయి. రిటైరైన పోలీసాయన కెమెరా ముందర చెప్పినాడు. నాలుగు ఆధారాలు. పెండ్లి సంబంధానికి గూడ ఇంత విచారించరు."

"పుస్తకం రాసినాయనకు ఎవరు చెప్పినారు?"

"పేపర్లు చూసి రాసినాడు."

"పేపరోళ్ళకు?"

"పోలీసులు."

"పోలీసులకు?"

"ఫిర్యాదు ఇచ్చినామె. సుబ్బరత్నమ్మ. కోర్టులో చెయ్యెత్తి మీ నాయనను చూపించింది గూడ ఆమెనే."

"అయితే నాలుగు యాడివి? ఒకామె చెప్పిన మాట నలుగురు తిప్పి తిప్పి చెప్పినారు."

శ్రీనివాసులు గట్టిగా నవ్వాడు. "నర్సు ఉద్యోగం మానేసి నా కాడికి రాండి. జీతం నేనిస్తా." నవ్వు ఆపి ముందుకు వంగాడు. "సరే మేడమ్. ఆమె అబద్ధం చెప్పిందనే దానికి మీ దగ్గర ఏముండాది? పెండ్లాం కూతురు తప్ప?"

మహిమ ఆయన కంప్యూటర్లోనే వీడియో పెట్టించింది. సమాధి దగ్గర ఆపించింది. ఇంటి పట్టు చెప్పింది. బహుధాన్య అంటే ఏ సంవత్సరమో చెప్పింది. నాగరాజ్ హత్య ఎప్పుడో ఆయన నోటితోనే చెప్పించింది.

శ్రీనివాసులు తెర దగ్గరికి వంగి ఫలకం చదివాడు. "నేను ఆ రాతి బొమ్మను నాలుగుసార్లు ఎడిట్ చేసినా. పంచాంగం పేరు గదాని చదవలేదు."

"ఇప్పుడు తీసేస్తారా?"

"ఆలోచన చేస్తా. తప్పుంటే దిద్దుకుంటా. చరిత్ర చెప్పేవానికి ఆ మాత్రం ఉండల్ల గదా."

ఆమె మెట్లు దిగేటప్పుడు వెనక్కి చూసింది. ఆయన ఫలకం బొమ్మను పెద్దది చేస్తున్నాడు. 'కుమారుడు' అన్న మాట తెర నిండా ఉంది.

గురువారం తెల్లవారి వీడియో అట్లాగే ఉంది. మహిమ ఊరికి పోయింది. సుబ్బరత్నమ్మ ఇల్లు ఊరి నడుమ, నాపరాయి గోడలు, ఇనుప తలుపు. ఆ గడప ఆమె ఎన్నడూ తొక్కలేదు. ముసలామె వసారాలో చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. డెబ్బై అయిదేళ్ళ పైన ఉంటాయి.

"ఎవరు మే నువ్వు?"

"లేవి కూతురిని అమ్మా."

సుబ్బరత్నమ్మ చేతులు ఆగలేదు. "కూచో. చెయ్యి పూర్తిగా పోయిందా?"

"పోయింది."

"కుడిదా?"

"కుడిదే."

"అన్నం ఎవరు తినిపిస్తాండారు?"

"మా అమ్మ." మహిమ గడప దగ్గరే కూర్చుంది. "అమ్మా, నేను కేసు కోసం రాలేదు. ఒక మాట అడిగి పోతా. మీ ఆయన సమాధి బహుధాన్య ఉగాదికి ఎందుకు కట్టినారు?"

గింజలు తీసే చేతులు అప్పుడు ఆగాయి.

ముసలామె ఏదో అనబోయింది. లోపలి గది తలుపు తెరుచుకుంది. రాజశేఖర్ వచ్చాడు. పాతికేళ్ళవాడు, నిద్ర లేని కళ్ళు, ఖరీదైన చొక్కా. వేటకొడవలి పట్టడం కొత్తని పట్టుకున్న తీరులోనే తెలుస్తోంది. మహిమ లేచేలోపల జుట్టు పట్టి తలను స్తంభానికి కొట్టాడు. కొడవలి మెడకు ఆనించాడు. చర్మం తెగి రక్తం జాకెట్టులోకి కారింది.

"నాయన మిగిలినాడని కూతురు వచ్చిందా కాళ్ళు పట్టుకోను?"

"ఇడ్చిపెట్టురా" అంది సుబ్బరత్నమ్మ.

"నువ్వు లోపలికి పో అవ్వా. ముప్పై ఏండ్లు ఈడ కూచుని చింతపండు ఒలుచుకున్న్యావు. మా నాయన హైదరాబాదు పోయి దాక్కున్న్యాడు. ఊరోళ్ళు నన్ను గాజులేసుకోమంటాండారు."

"మీ నాయన దాక్కోలేదు."

"కోడిని గూడ కోయనోడు. నాకు తెలీదా?"

"మీ నాయన ఎడమ చేతి చిటికెన వేలు యాడ పోయింది?"

రాజశేఖర్ తల తిప్పాడు. "శెనక్కాయల మిషన్ల పడింది."

"మనకు మిషన్ ఎప్పుడుండె? నాగరాజు నోట్ల పోయింది. కింద పడేసి గొంతు మీద కొడవలి పెడితే వాడు మీ నాయన వేలు కొరికినాడు. పండ్ల మధ్య తెగిపోయింది. ఆ రాత్రి రక్తంలో తడిసి ఇంటికొస్తే వేడినీళ్ళు పోసింది నేను. వేలు ఏదిరా అంటే వాని నోట్లనే ఉండాది మా అన్న్యాడు. నెల తిరగనిచ్చి సమాధి కట్టినాడు. కట్టినాంక ఈ మట్టి నా పిల్లోనికి అంటగూడదని నువ్వు కడుపులో ఉండగానే మీ అమ్మను హైదరాబాదుకు తీసుకపోయినాడు. సచ్చేటప్పుడు గూడ నాతో ఒట్టు వేయించుకున్న్యాడు, నీకు చెప్పొద్దని."

కొడవలి మెడ మీది నుంచి జారలేదు. "మరి కోర్టులో లేవిని ఎందుకు చూపించినావు?"

"నాగరాజును చూపిస్తే జైలుకు పోతాడు. జైల్లో కూచుంటే మనకు ఎట్ల దొరుకుతాడు?"

రాజశేఖర్ మహిమ జుట్టు వదిలాడు. మెట్టు మీద కూర్చున్నాడు. కొడవలి బండ మీద పడి మోగింది.

"లేవికి ఆ సంగతి తెలుసు" అంది సుబ్బరత్నమ్మ. "బోనులో నిలబడి నా కండ్లలోకి చూసినాడు. నేనూ చూసినా. ఇద్దరం నోరు మూసుకున్న్యాం. వాడు జైలు నుంచి వచ్చినాంక మనోళ్ళు వాని జోలికి పోనిది అందుకే. నువ్వు పోయి ఫోన్ల చూసి చెయ్యి నరికొచ్చినావు."

 సుబ్బరత్నమ్మ కొంగు చించి మహిమకు అందించింది. మహిమ మెడకు గట్టిగా ఒత్తి పట్టుకుంది. లోతు లేదని ఆమెకు తెలుసు.

"రేపు పొద్దున పోయి స్టేషన్ల కూచుంటాడు" అంది ముసలామె. "మీ నాయన జోలికి ఈ గడప నుంచి ఇంకెవరూ రారు. అయితే పాపా, నాగరాజును సొంతోళ్ళే చంపుకున్న్యారని వాని కొడుకు అనుకుంటాండాడు. అది అట్లనే ఉండల్ల. లేకపోతే మా వాడు మిగలడు." ఆమె మహిమ ముఖంలోకి చూసింది. "ఈ సమాధి మాట ఇంకెవరికన్నా చెప్పినావా?"

మహిమకు మేడ మీది గది గుర్తొచ్చింది. రాజశేఖర్ మెట్టు మీద తల పట్టుకుని ఉన్నాడు. కొడవలి ఇంకా అతని కాలి దగ్గరే ఉంది.

"లేదమ్మా" అంది.

శుక్రవారం ఉదయం రాజశేఖర్ ఓర్వకల్లు పోలీసు స్టేషన్లో లొంగిపోయాడు. కొడవలి అప్పగించాడు. వెంట వచ్చిన ఇద్దరి పేర్లు కూడా చెప్పాడు.

మహిమ ఆ పొద్దు నుంచి శ్రీనివాసులుకు ఫోన్ చేస్తూనే ఉంది. ఎత్తలేదు. ఆదివారం కొత్త వీడియో వచ్చింది. 'లేవి నిర్దోషి' అని పేరు. మొదటి వీడియోలో తప్పు చెప్పానని, క్షమించమని శ్రీనివాసులు చేతులు జోడించాడు. కేసు మోయడం అంటే ఏమిటో వివరించాడు. తర్వాత సమాధి చూపించాడు. బహుధాన్య అంటే ఏ సంవత్సరమో చెప్పాడు. ఎర్ర గీతతో 'కుమారుడు' అన్న మాట చుట్టూ సున్నా చుట్టాడు. నాగరాజ్‌ను చంపింది సొంత పార్టీ కాదు, ఈ కుమారుడే అన్నాడు. చివర్లో రాజశేఖర్ ఫోటో ఉంది, ఆ కుమారుని కొడుకు అని.

సోమవారం ఆయనే ఫోన్ చేశాడు.

"చూసినారా మేడమ్? మీరడిగిందే చేసినా. తప్పు దిద్దినా. మీ పేరు యాడా తేలేదు."

"తీసేయండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

"మీ నాయన నిర్దోషి అని చెప్పిన వీడియోను తీసేయమంటారా?" ఆయన గొంతులో వెక్కిరింపు లేదు. "ఇందులో ఒక్క అబద్ధం చూపించండి, తీసేస్తా."

మహిమ ఫోన్ పెట్టేసింది.

ఆమె సుబ్బరత్నమ్మ ఇంటికి పోలేదు. రెండుసార్లు బస్సెక్కి ఊరి మలుపు దాకా పోయి వెనక్కి వచ్చింది.

లేవి ఇంటికి చేరాడు. ఎడమ చేత్తో చెంచా పట్టడం నేర్చుకున్నాడు. జూన్‌లో రాజశేఖర్‌కు బెయిలు వచ్చింది. ఆగస్టులో కర్నూలు కోర్టులో కేసు విచారణకు వచ్చింది. లేవి సాక్షి. మహిమ సెలవు పెట్టి తండ్రిని తీసుకుపోయింది. విచారణ మధ్యాహ్నానికి వాయిదా వేశారు. అందరూ బయటికి వచ్చారు.

రాజశేఖర్ ఎదుటి వైపు జిరాక్సు అంగడి దగ్గర నిలబడి ఉన్నాడు. లేవిని చూసి తల దించుకున్నాడు. తర్వాత రోడ్డు దాటి ఇటు రాబోయాడు. ఏమి చెప్పడానికో తెలియదు. తెల్ల కారు వచ్చి అతణ్ణి గుద్దింది. డివైడరు మీద పడ్డాడు. కారు ఆగింది. అయిదారుగురు దిగారు. మొదట మోకాళ్ళ మీద నరికారు. లేవబోతే చేతుల మీద. అతను అవ్వా అని ఒకసారి అరిచాడు. మిగిలినవాళ్ళు జరిగితే ఒకడు ముందుకు వచ్చి జుట్టు పట్టి తల ఎత్తి గొంతు మీద మూడుసార్లు వేశాడు. నింపాదిగా నిలబడ్డాడు. వాడి ముఖానికి గుడ్డ లేదు.

మహిమ మెట్ల మీద నుంచి చూసింది. మద్దిలేటి. వాడూ ఆమెను చూశాడు. పక్కనున్న లేవికి తల వంచి నమస్కారం పెట్టాడు, చేతిలో కొడవలితోనే. కారెక్కాడు.

మహిమ పరుగెత్తింది. గొంతు దగ్గర చీర కొంగు అదిమింది. పల్సు పట్టింది. ఆమె పట్టుకున్నప్పుడు ఉంది. అంబులెన్సు వచ్చేసరికి లేదు.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు ఇద్దరినీ అడిగాడు. "ఎవరు కనపడినారు?"

"కనపడలేదు సార్" అన్నాడు లేవి. "కండ్లు సరిగా అగపడవు."

ఇన్‌స్పెక్టరు మహిమ వైపు చూశాడు. లేవి ఎడమ చేత్తో కూతురి మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

సుబ్బరత్నమ్మను మార్చురీ దగ్గరికి కారులో తెచ్చారు. ఆమె ఏడవలేదు. మహిమ దగ్గరికి వచ్చి నిలబడింది. మహిమ చీర మీద రక్తం ఎండిపోయి ఉంది.

"ఇంకెవరికన్నా చెప్పినావా అని అడిగితిని గదా" అంది.

 జవాబు కోసం ముసలామె ఆగలేదు. కర్ర పట్టుకుని ఇన్‌స్పెక్టరు కూర్చున్న చోటికి నడిచింది.

ఫిర్యాదులో సుబ్బరత్నమ్మ అయిదుగురి పేర్లు చెప్పింది. వేలిముద్ర వేసే ముందు ఒకసారి చదివించుకుంది. ఆ అయిదుగురిలో మద్దిలేటి పేరు లేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం రాజశేఖర్‌ను పొలం గట్టు మీద, తాత సమాధి పక్కన పూడ్చారు. పైన రాళ్ళు పేర్చారు.